ఐదు కిలోల బియ్యం వస్తోంది, అమ్మకు అన్నం అందడం లేదు

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్న పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. సారాంశం ఇది.

ఆమె తల్లికి 71 ఏళ్లు. పల్నాడు జిల్లాలోని సొంత పల్లెలో కొడుకు, కోడలు, ఇద్దరు మనవల దగ్గర ఉంటున్నారు. భర్త పోయాక ఉన్న ఒక్క ఇంటినీ కొడుకు పేరిట గిఫ్ట్ డీడ్ రాసిచ్చేశారు. కొడుకు ట్రాక్టర్ డ్రైవర్. కోడలు మిరప కోతల రోజుల్లో తెల్లారకముందే కూలికి వెళ్తుంది. వెళ్లేముందు వండి పెట్టిన అన్నమే పెద్దావిడకు మధ్యాహ్నానికీ, ఒక్కోసారి రాత్రికీ. దవడ పళ్లు లేవు. ఆరి గట్టిపడిన అన్నం నమలలేక కాస్త మజ్జిగ పోసుకుని ఒక పూట తిని ఊరుకుంటున్నారు. సంక్రాంతికి వెళ్లిన కూతురు, తల్లి జాకెట్లు వదులైపోయి ఉండడం చూసి ఆరా తీస్తే ఇదంతా బయటపడింది. పోయిన నెల ఆవిడ పెరట్లో కళ్లు తిరిగి పడిపోయారు కూడా.

రేషన్ కార్డు అందరికీ కలిపి ఒకటే. ఒకటో తారీఖున ఇంటికి వచ్చే 4,000 రూపాయల పింఛన్‌లో 3,000 తమ్ముడు తీసుకుంటాడు. అడిగితే అప్పు వాయిదా ఉందంటాడు. "మేం వండి పెడుతూనే ఉన్నాం, అమ్మే తినదు" అంటాడు. తల్లేమో "ఒక పూట చాలమ్మా, నువ్వు గొడవ పెట్టకు" అంటారు. హైదరాబాద్ తీసుకొచ్చేస్తే పింఛన్ ఆగిపోతుందేమోనని భయం. దగ్గరి టౌన్‌లో అన్న క్యాంటీన్ ఉందని ఎవరో చెబితే, "మా అమ్మ ఐదు రూపాయల అన్నం కోసం లైన్లో నిలబడాలా?" అని తమ్ముడు మండిపడ్డాడు. ఆమె అడుగుతున్నది ఇదీ: "బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే ప్రభుత్వం ముసలివాళ్లకు ఏమీ పెట్టదా? నేను ఎక్కడైనా ఫిర్యాదు చేస్తే నాకు పుట్టిల్లు లేకుండా పోతుందా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు కోపం వచ్చింది. తమ్ముడి మీద వచ్చిన కోపం కొంతే. 71 ఏళ్ల మనిషి పూట భోజనాన్ని పూర్తిగా ఇంటివాళ్ల తీరికకు, దయకు వదిలేసిన మన ఏర్పాట్ల మీద వచ్చిందే ఎక్కువ. ముందు మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా దారులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం వండిన భోజనాన్ని, పోషకాహారాన్ని హక్కుగా ఇచ్చింది ఆరు నెలల నుంచి 14 ఏళ్ల పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు. అంగన్‌వాడీ, బడి భోజనం ఆ హక్కు కిందివే. 60 దాటినవాళ్లు ఆ జాబితాలో లేరు. వాళ్లకు ప్రభుత్వం ఇచ్చేది రెండే: బియ్యం, పింఛన్. మామూలు కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం. 2023 జనవరి నుంచి అవి ఉచితం. రోజుకు లెక్కేస్తే 166 గ్రాములు. దాంతో వచ్చే శక్తి సుమారు 570 కేలరీలు, ప్రొటీన్ 13 గ్రాములకు అటూఇటూ. 45 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు కనీసం 37 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఆ తేడాను నింపాల్సిన పప్పు, గుడ్డు, పాలు పింఛన్ డబ్బుతో కొనుక్కోవాలి. ఆ 4,000లో కేంద్రం తన వృద్ధాప్య పింఛన్ పథకం కింద ఇచ్చేది 80 ఏళ్ల లోపు వాళ్లకు 200 రూపాయలు, 80 నిండాక 500. పదేళ్లు దాటినా ఆ అంకె కదలలేదు. మిగిలినదంతా రాష్ట్రం వేసుకుంటున్నదే.

పక్కనున్న తమిళనాడులో 1982లో మొదలైన పౌష్టికాహార భోజన పథకంలోకి మరుసటి ఏడాదే వృద్ధాప్య పింఛనుదారులను కూడా చేర్చారు. పిల్లలకు ఎలాగూ వండుతున్న వంటశాలలోనే ఊళ్లోని ముసలివాళ్లకూ ఓ ముద్ద వండడం అసాధ్యం కాదని నలభై ఏళ్ల కిందటే ఒక రాష్ట్రం చూపించింది. మన పల్లెల్లో ఆ ఏర్పాటు లేదు. ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ అది వచ్చేదాకా మీ అమ్మ ఆగలేరు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచినప్పుడు ఒక మధ్యాహ్న భోజనానికి అయ్యే ఖర్చును 34 రూపాయలుగా లెక్కకట్టారు. తినేవాళ్లు ఇచ్చేది 5, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. అదే లెక్కన రెండు పూటలకు 68, నెలకు 2,040. అంటే మీ అమ్మ పింఛన్‌లో దాదాపు సగంతో రెండు పూటలా వేడి భోజనం వస్తుంది. ఇంట్లో ఉచిత బియ్యం ఉన్నాయి కాబట్టి ఖర్చు ఇంకా తగ్గాలి. మీ ఇంటి సమస్య అన్నానికి డబ్బు లేకపోవడం నుంచి వచ్చింది కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మెత్తగా వండి ఆవిడ ముందు పెట్టే మనిషి లేరు, ఆవిడ డబ్బు ఆవిడ చేతిలో లేదు. ఈ రెండూ వేరువేరు విషయాలు. మీరు వీటిని కలిపేసి, తమ్ముడితో అనుబంధాన్ని కూడా ముడిపెట్టి, అన్నీ ఒకేసారి తేలాలని చూస్తున్నారు. అందుకే ఎటు కదిలినా భయమేస్తోంది. అన్నం సంగతి ఈ వారంలో తేల్చండి. డబ్బు సంగతి ఒకటి రెండు నెలలు పట్టినా పరవాలేదు.

అంతకన్నా ముందు ఒక మాట. కళ్లు తిరిగి పడిపోవడాన్ని, బరువు తగ్గడాన్ని తిండి లోపం అని మనకు మనం తేల్చేయకూడదు. షుగర్, థైరాయిడ్, రక్తహీనత, క్షయ, బీపీ మాత్రల మోతాదు ఎక్కువ కావడం, భర్త పోయాక వచ్చే దిగులు, వీటిలో ఏదైనా కావచ్చు. "అమ్మే తినదు" అన్న తమ్ముడి మాటలో కొంత నిజం ఉండే అవకాశమూ ఉంది. నమలలేనివాళ్లు, నోరు చేదుగా ఉన్నవాళ్లు నిజంగానే తినరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి, రక్తపరీక్షలు చేయించండి. కట్టుడు పళ్లు పెట్టించగలిగితే అది మీరు ఆవిడకు చేసే పెద్ద మేలు.

ఇక అన్నం. నాకు అన్నిటికన్నా దగ్గరి దారిగా కనిపిస్తున్నది క్యారేజీ. మీ వీధిలోనే మధ్యాహ్నం ఇంటిపట్టున ఉండే ఒకావిడ, మీ అమ్మకు మనసుకు దగ్గరైన పిన్నో అక్కో ఉండకపోరు. నెలకు ఇంత అని మాట్లాడుకుని, మధ్యాహ్నం మెత్తటి అన్నం, పప్పు, ఒక కూర, ఒక గుడ్డు పెట్టమనండి. రాత్రికి కోడలు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆ పూట ఇంటి భోజనమే. డబ్బు మీరే ఫోన్‌పేలో నేరుగా ఆమెకు పంపండి, మధ్యలో ఎవరూ వద్దు. బడిలో వంట చేసే ఆవిడైతే వేళకు కుదురుతుంది కానీ, బడి బియ్యం, బడి సరుకులు మాత్రం ఇందులోకి రాకూడదు. అవి పిల్లల పేరు మీద వచ్చినవి. తేడా వస్తే పాపం ఆమె పనే పోతుంది.

దీనివల్ల వచ్చే ఇబ్బందీ చెప్పాలి. ఊళ్లో మాట వస్తుంది. "కొడుకు పెట్టడం లేదు, కూతురు డబ్బిచ్చి పెట్టిస్తోంది" అంటారు. తమ్ముడికి అది క్యాంటీన్ కన్నా ఎక్కువ అవమానంగా తోచవచ్చు. కాబట్టి వాడికి చెప్పకుండా మొదలుపెట్టకండి. మీ మరదలితో ముందు మాట్లాడండి. ఆమె చీకటితో లేచి వండి, రోజంతా ఎండలో కాయలు కోసి వచ్చి మళ్లీ వండే మనిషి. ఆమెను దోషిగా నిలబెట్టి మాట్లాడితే ఆ ఇంట్లో మీ అమ్మకు ఉన్న ఒక్క తోడు కూడా దూరమవుతుంది. "కోతలు అయ్యేదాకా మధ్యాహ్నం పూట నీకు శ్రమ తప్పిస్తాను" అని మొదలుపెట్టి చూడండి. ఇది సగం ఊరటే, పింఛన్ విషయాన్ని ఇది తాకదు. కానీ వచ్చే సోమవారం నుంచి మీ అమ్మ మధ్యాహ్నం వేడిగా తింటారు.

అన్న క్యాంటీన్ విషయంలో మీ తమ్ముడి రోషాన్ని నేను ఒప్పుకోను. అక్కడ తినేది ఎవరో వేసిన భిక్ష కాదు. మీరు ఉప్పు కొన్నా, నూనె కొన్నా కట్టే పన్నులోంచి నడుస్తున్న వంటశాల అది. హైదరాబాద్‌లోనూ 2014 నుంచి ఐదు రూపాయల భోజనం ఉంది, అక్కడ ఎంతమంది పెద్దవాళ్లు హుందాగా తిని వెళ్తున్నారో మీరు చూసే ఉంటారు. అయితే మీ అమ్మకు అది పనికొచ్చే దారి కాదు. క్యాంటీన్లు ప్రధానంగా పట్టణాల్లో ఉన్నాయి. ఐదు రూపాయల భోజనానికి రోజూ ఆటో ఛార్జీ పెట్టుకుని, నొప్పులతో ఎక్కి దిగి వెళ్లడం కుదిరే పని కాదు. ఆసుపత్రికి టౌన్‌కు వెళ్లిన రోజున నిస్సంకోచంగా తినమనండి, అంతే.

రేషన్ కార్డు విడదీయమంటారా అని మీరు ఉత్తరం చివర్లో అడిగారు. తొందరపడవద్దు. విడిగా కార్డు వస్తే ఆవిడ 5 కిలోలు ఆవిడ చేతికి వస్తాయి. మరీ నిరుపేదలకు ఇచ్చే అంత్యోదయ కార్డు దొరికితే 35 కిలోలు. ఆదుకునేవారు లేని 60 ఏళ్లు దాటినవారిని, వితంతువులను అంత్యోదయకు అర్హులుగా నిబంధనల్లోనే రాశారు. కానీ ఆ కార్డుల సంఖ్యకు పరిమితి ఉంది, పైగా ఒకే ఇంట్లో కొడుకుతో ఉంటున్న తల్లిని ఒంటరి కింద చూపించడం గ్రామ సచివాలయం వాళ్ల విచారణలో నిలవదు. ఆవిడ నిజంగానే వేరుగా ఉండే రోజు వస్తే అప్పుడు దరఖాస్తు చేయండి. ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. ఆవిడ పేరును అక్కడ తీయించి హైదరాబాద్‌లో మీ కార్డులో ఎక్కించడం. ఆంధ్రాలో పింఛన్ అర్హత ఆ రాష్ట్ర కార్డుతో, అక్కడి కుటుంబ వివరాలతో ముడిపడి ఉంది. అది ఒకసారి తెగితే మళ్లీ అతకడం కష్టం. బియ్యానికి దేశమంతా ఒకే కార్డు పద్ధతి ఉంది కాబట్టి, ఆవిడ మీ దగ్గర ఉన్న నెలల్లో వేలిముద్ర వేసి ఇక్కడి రేషన్ షాపులో కూడా తీసుకోవచ్చు. కాకపోతే ఆ నెల కార్డు మీద ఊళ్లో అప్పటికే తీసుకోగా మిగిలింది ఉంటేనే.

ఆవిడను కొన్నాళ్లు తెచ్చుకుని చూసుకోవాలన్న మీ ఆలోచన మంచిదే. పింఛన్ పోతుందన్న భయం పూర్తిగా నిజం కాదు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా, మూడో నెలలో బకాయితో కలిపి ఇచ్చే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో తెచ్చారు. మూడో నెల దాటితేనే చిక్కు. బయల్దేరేముందు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌కు ఒక మాట చెప్పి రండి. ఆరు వారాలు మీ దగ్గర ఉండి, వైద్యం చేయించుకుని, కాస్త ఒళ్లు చేసి తిరిగి వెళ్లడం నిక్షేపంగా కుదురుతుంది. ఎప్పటికీ ఇక్కడే ఉంచేయడం వేరే విషయం. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పగలంతా ఒంటరిగా, మాట్లాడే మనిషి లేకుండా ఉండడం ఆవిడకు ఇష్టమో కాదో ఆవిడనే అడగండి. మీ ఉత్తరమంతా వెతికాను, ఆవిడ ఏం కోరుకుంటున్నారో ఒక్క వాక్యం కూడా కనపడలేదు. గొడవ వద్దన్నది భయంతో అన్న మాట. తనకు ఏం కావాలో మనసులో వేరే ఉంటుంది.

పింఛన్ డబ్బు గురించి. ఇది ఆవిడ వేలిముద్రతో, ఆవిడ చేతికి ఇచ్చే డబ్బు. తమ్ముడికి అందులో హక్కు లేదు. అయితే అప్పు వాయిదా నిజమే అయి ఉంటే, ఈ నెల మొత్తం ఆపేస్తే ఆ ఇంట్లో అగ్గి రాజుకుంటుంది, ఆ వేడి తగిలేది మీ అమ్మకే. సగం అడిగి చూడండి. "2,000 అమ్మ తిండికి, మందులకు. మిగతాది ఇంటికి. వాయిదా ఎన్ని నెలలు ఉందో చెప్పు, తర్వాత మొత్తం అమ్మ దగ్గరే ఉండాలి" అని గడువు పెట్టి మాట్లాడండి. ఊళ్లో మీ మేనమామ ఉన్నారని రాశారు కదా, ఆయన ఎదుట మాట్లాడితే మాటకు కట్టుబడతాడు. గడువు లేకుండా సర్దుకుంటే మాత్రం, ఏడాది తర్వాత ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

తమ్ముడు ససేమిరా అంటే చట్టం ఉంది. 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పోషణ అన్న దానిలో మొట్టమొదట చెప్పినదే ఆహారం. అర్జీ ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. లాయర్ అక్కర్లేదు. మీ అమ్మ స్వయంగా ఇవ్వవచ్చు, ఆవిడ అధికారం ఇస్తే మీరు ఇవ్వవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ముందుగా రాజీ అధికారి ద్వారా మాట్లాడించే అవకాశమూ ఉంది, చాలా ఇళ్లలో అక్కడే సర్దుబాటవుతుంది. ఇంటి గిఫ్ట్ డీడ్‌లో "నన్ను పోషించాలి" అన్న షరతు రాసి ఉంటే, అది జరగనప్పుడు దస్తావేజును రద్దు చేయమని అడిగే దారి కూడా ఇదే చట్టంలో ఉంది.

కానీ ఈ తలుపు తట్టేముందు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. చట్టం దృష్టిలో సంతానం అంటే కూతురు కూడా. ట్రిబ్యునల్ తమ్ముడిని ఒక్కడినే అడగదు, మీ వాటా ఎంత అని మిమ్మల్నీ అడగవచ్చు. దానికి సిద్ధపడి వెళ్లండి. రెండోది, ఆర్డర్ వచ్చాక కూడా మీ అమ్మ ఉండాల్సింది ఆ ఇంట్లోనే. డబ్బు ఇప్పించగల ఉత్తర్వు పలకరింపును ఇప్పించలేదు. అందుకే మొదట 14567కు ఫోన్ చేయండి. అది వృద్ధుల హెల్ప్‌లైన్, ఉచితం. వాళ్లు సలహా చెబుతారు, అవసరమైతే మనిషిని పంపి ఇంటివాళ్లతో మాట్లాడిస్తారు. ఫిర్యాదుకూ మౌనానికీ మధ్యలో ఉన్న మెట్టు అది.

పుట్టిల్లు పోతుందా అని అడిగారు. కొన్నాళ్లు మాటలు ఆగిపోవచ్చు. ఆ అవకాశం లేదని నేను చెప్పలేను. అయితే పండక్కి వెళ్లి చీర తెచ్చుకుంటూ, అమ్మ బరువు తగ్గిపోతుంటే చూసీ చూడనట్టు ఉండాల్సి వస్తే ఆ పుట్టిల్లు మీకు ఎంతకాలం పుట్టిల్లుగా అనిపిస్తుందో కూడా ఆలోచించుకోండి. మీ వారు "మనకెందుకు" అన్నారని రాశారు. ఆయన భయపడేది బహుశా ఖర్చుకు, గొడవకు. క్యారేజీ లెక్క ఆయన ముందు పెట్టండి. అంకె చూశాక ఆయన మాట మారవచ్చు.

చివరగా, మీ ఊరి గురించి. మీ అమ్మలాంటివాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి నెలనెలా డబ్బు పంపేవాళ్లు, ఇక్కడ ఆ డబ్బుతో వండిపెట్టే దిక్కులేక అటుకులు నానబెట్టుకు తినేవాళ్లు. నలుగురైదుగురు కలిస్తే ఒకావిడకు నెల జీతంలా ఇచ్చి ఒకే పొయ్యి మీద మధ్యాహ్న భోజనం నడపవచ్చు. బియ్యం ఎవరివి వాళ్లవే వస్తున్నాయి. పంచాయతీ ఒక గది ఇస్తే చాలు. పెద్ద ఎత్తున నడపాలంటే కేంద్రానికి వృద్ధుల సమీకృత కార్యక్రమం అని ఒకటి ఉంది. కానీ ఆ గ్రాంటు ప్రధానంగా వృద్ధాశ్రమాల లాంటి వాటికే. ఊరి వంటింటికి నేరుగా రాదు. ఆ లోటునే గ్రామసభలో అడగాలి. బడి వంటశాలలో పింఛనుదారులకూ వండాలని, దానికి విడిగా నిధులు, విడిగా సరుకులు ఇవ్వాలని తీర్మానం చేసి కలెక్టర్‌కు, ఎమ్మెల్యేకు పంపమనండి. ఒక ఊరి తీర్మానంతో పథకం రాదు. కానీ అసలు ఎవరూ అడగలేదన్న మాట మాత్రం వాళ్లు అనలేరు. ఇది ఈ నెలలో చేయాల్సిన పని కాదు, మీ అమ్మ కోలుకున్నాక మీకు ఓపికుంటే మొదలుపెట్టండి.

ఈ ఆదివారం ఊరు వెళ్తున్నానన్నారు. వెళ్లినప్పుడు పింఛన్ కార్డు, రేషన్ కార్డు, ఆధార్ ఫోటోలు తీసుకోండి. గిఫ్ట్ డీడ్ మీ దగ్గర లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు, దానికి తమ్ముడిని అడగనక్కర్లేదు. పిన్నితో క్యారేజీ మాట్లాడి, మొదటి నెల డబ్బు ఆమె చేతిలో పెట్టి రండి. రక్తపరీక్షల రిపోర్టులు వచ్చాక నాకు మళ్లీ రాయండి.